సున్నా ఎక్కడుందో చూసుకోండి: మైనస్ లెక్కల మీద పాఠకుల ప్రశ్నలు

మైనస్ అంకె చూడగానే తికమకపడే సందర్భాలు రాసి పంపమని పోయిన సంచికలో అడిగాం. బడి లెక్కల కన్నా కళ్ళజోడు చీటీలు, బ్యాంకు పద్దులు, క్రికెట్ పట్టికల మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా వాడు ఏడో తరగతి. −3 − 4 ఎంతరా అంటే +7 అంటాడు. "మైనస్ మైనస్ ప్లస్ కదమ్మా" అని వాదిస్తాడు. ఎలా సరిదిద్దాలి?
(ఒక తల్లి, తెనాలి)

తప్పు మీ వాడిది కాదు, సూత్రాన్ని సగానికి కోసి నేర్పినవాళ్ళది. అసలు మాట "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్". నోటి తొందరలో మధ్యనున్న "ఇంటూ" జారిపోయింది. ఇక రెండు మైనస్‌లు ఎక్కడ కనబడినా పిల్లలు ప్లస్ చేసేస్తున్నారు.

కిరాణా కొట్టు ఖాతా పుస్తకం వాడి ముందు పెట్టండి. మూడొందలు బాకీ ఉన్నారు: −300. మళ్ళీ నాలుగొందల సరుకు అరువు తెచ్చారు. బాకీ ఏడొందలైంది. అంతేగానీ కొట్టువాడే మీకు ఏడొందలు ఇచ్చుకోవాల్సిన స్థితి రాలేదు కదా! −300 − 400 = −700.

ఇప్పుడు ఇంకో సంగతి. ఆ మొదటి మూడొందల బాకీలో వంద రూపాయల పద్దు పొరపాటున రెండుసార్లు పడింది. షావుకారు చూసుకుని ఒకటి కొట్టేశాడు. మీరు పైసా కట్టలేదు, అయినా బాకీ రెండొందలకు దిగింది. −300 − (−100) = −200. బాకీని తీసెయ్యడమంటే ఇదే. రుణమాఫీలోనూ జరిగేది ఇంతే: రైతు చేతికి నోట్లు రావు, ఖాతాలో రుణం పోతుంది, ఆ మేరకు మనిషి పైకొస్తాడు. ఋణ సంఖ్య అన్న పేరులోనే ఈ అప్పు ఉంది. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ఈ అంకెలకు నియమాలు చెప్పినప్పుడు వాడిన మాటలు ధనం, ఋణం. సున్నాలోంచి ఋణాన్ని తీసేస్తే ధనం అని కూడా అప్పుడే చెప్పేశాడు.

ఇక గుణకారం. డాబా మీద ట్యాంకులో నీళ్ళు గంటకు 3 సెంటీమీటర్ల చొప్పున తగ్గుతున్నాయి: −3. రెండు గంటల కిందట, అంటే −2 గంటల దగ్గర, మట్టం ఇప్పటి కన్నా ఎక్కడుంది? 6 సెంటీమీటర్లు పైన. (−3) × (−2) = +6. మీ వాడి సూత్రం పనికొచ్చేది ఇలాంటి చోట.

అలవాటు పడడానికి నేల మీద సుద్దముక్కతో −10 నుంచి +10 దాకా గీతలు గీయండి. వాడు మొదటి అంకె మీద ప్లస్ వైపు మొహం పెట్టి నిలబడాలి. తీసివేత గుర్తు వస్తే వెనక్కి తిరగాలి. రెండో అంకె ధనమైతే మొహం ఉన్న వైపు ముందుకి, ఋణమైతే వెనకడుగు వెయ్యాలి. −3 − 4: తిరిగి, ముందుకి నాలుగు, −7 మీద ఆగుతాడు. −3 − (−4): తిరిగి, వెనకడుగులు నాలుగు, +1 మీద ఆగుతాడు. ఇందులో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. నిలబడిన గీతనే "ఒకటి" అని లెక్కపెట్టేస్తారు. అడుగు వేశాకే ఒకటి అనాలని ముందే చెప్పండి. చదివేటప్పుడు కూడా రెండు గుర్తులకీ "మైనస్" అనకుండా, అంకె ముందున్నదాన్ని "ఋణ" అనీ, మధ్యలోదాన్ని "తీసివేత" అనీ అనిపించండి. "ఋణ మూడులోంచి ఋణ నాలుగు తీసెయ్యి" అని నోటితో పలికితే సగం గందరగోళం అక్కడే విడిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి కళ్ళజోడు పోయినేడు −1.50, ఈ ఏడు −2.25. అంకె తగ్గింది కాబట్టి సైట్ తగ్గినట్టేనా? నాకు చీటీలో −2.00, దాని కింద "యాడ్ +2.00" అని ఉంది. ఒకే కంటికి మైనసూ ప్లస్సూ రెండూ ఎలా ఉంటాయి?
(ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

అమ్మాయికి సైట్ పెరిగింది. ఇక్కడ సున్నా అంటే పవర్ లేని మామూలు అద్దం. మైనస్ వైపు ఎంత దూరం జరిగితే హ్రస్వదృష్టి అంత ఎక్కువ. సంఖ్యారేఖ మీద −2.25 చిన్నదే కానీ, సున్నాకి దాని దూరం ఎక్కువ. కళ్ళజోడు విషయంలో చూడాల్సింది ఆ దూరమే. ఇంకోలా చెప్పాలంటే, 1ని పవర్‌తో భాగిస్తే కళ్ళజోడు లేకుండా స్పష్టంగా కనబడే ఎల్ల మీటర్లలో వస్తుంది. −1.50 ఉన్నప్పుడు సుమారు 67 సెంటీమీటర్ల దాకా కనబడేది, ఇప్పుడు 44 దాకానే. గుర్తు ఏదో తెలియకపోతే అద్దం తడిమి చూడండి: మైనస్ అద్దం నడుమ పల్చగా, అంచుల్లో మందంగా ఉంటుంది. ప్లస్ అద్దానికి ఇది తలకిందులు.

మీ చీటీలో −2.00 దూరానికి. "యాడ్" అంటే దగ్గరివి చదవడానికి దాని మీద కలపాల్సినది. −2.00 + 2.00 = 0. అంటే పుస్తకం చదవడానికి మీకు అసలు కళ్ళజోడే అక్కర్లేదు. నలభై దాటిన హ్రస్వదృష్టివాళ్ళు పేపరు చదివేటప్పుడు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకునేది ఇందుకే. −3.00 ఉండి యాడ్ +2.00 ఉన్న మనిషికి చదివే అద్దం −1.00. ఆయన "యాడ్ రెండు" అన్న మాట పట్టుకుని బజార్లో రెడీమేడ్ +2.00 కొనుక్కుంటే, కావలసినదానికి 3.00 తేడా పడుతుంది.

జోడు తయారీలో గుర్తు తారుమారైతే జరిగేది కూడా అంతే. −1.50 బదులు +1.50 పడితే తప్పు 1.50 కాదు, 3.00. కొత్త జోడు పెట్టుకోగానే దూరంవి ముందు కన్నా మసగ్గా ఉంటే "అలవాటవుతుందిలెండి" అన్న మాట నమ్మకుండా అద్దాన్ని పవర్ యంత్రం మీద చూడమనండి.

ఒక ముచ్చట: ఇద్దరు డాక్టర్ల చీటీలు వేరుగా కనబడినా ఒకటే కావచ్చు. సిలిండర్ అంటే కంటి వంపు ఒక దిక్కులో తేడాగా ఉంటే వేసే అదనపు పవర్, యాక్సిస్ అంటే దాని కోణం. ఒకరు −1.00, సిలిండర్ −0.50, యాక్సిస్ 180 అని రాస్తే, ఇంకొకరు −1.50, సిలిండర్ +0.50, యాక్సిస్ 90 అని రాస్తారు. మొదటి రెండూ గుర్తులతో సహా కలపండి: −1.00 + (−0.50) = −1.50. తర్వాత సిలిండర్ గుర్తు మార్చండి, యాక్సిస్‌ని 90 డిగ్రీలు తిప్పండి. అద్దం అదే.

ప్రశ్న: నా రక్తం ఓ నెగటివ్. ఇదీ సున్నా కన్నా తక్కువేనా?
(డిగ్రీ విద్యార్థిని, కర్నూలు)

కాదు, ఇది సంఖ్యే కాదు. ఎర్ర రక్తకణాల మీద ఆర్‌హెచ్ డి అనే పదార్థం ఉంటే పాజిటివ్, లేకపోతే నెగటివ్. ఉందా లేదా అన్నంతవరకే. మైనస్ గుర్తు ఇక్కడ "లేదు" అన్న మాటకి పొట్టి రూపం.

ప్రశ్న: ఎముకల పరీక్షలో మా అత్తయ్యగారికి టి-స్కోర్ −2.6 వచ్చింది. ఎముకలో సాంద్రత మైనస్ ఎలా అవుతుంది?
(నిజామాబాద్)

సాంద్రత మైనస్ కాదు. ఆరోగ్యంగా ఉన్న యువతరం సగటుని సున్నా అనుకుని, దానికి ఎంత దిగువన ఉన్నారో చెప్పే అంకె ఇది. −1 వరకు మామూలు, −1కీ −2.5కీ మధ్య ఎముక పల్చబడుతున్నట్టు, −2.5 గానీ అంతకు దిగువ గానీ అయితే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారడం) అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులు. మళ్ళీ పరీక్షలో −2.3 వస్తే మెరుగైనట్టు, −2.9 వస్తే దిగజారినట్టు. ఇక్కడి నుంచి దారి డాక్టరుదే.

ప్రశ్న: పాస్‌బుక్కులో నా డబ్బు పక్కన "సీఆర్" అని ఉంటుంది. క్రెడిట్ కార్డు బిల్లులో కూడా ఈ నెల "650 సీఆర్" అని వచ్చింది. కట్టాలా వద్దా?
(భీమవరం)

కట్టకండి. సీఆర్ అంటే క్రెడిట్, మన మాటలో జమ. పాస్‌బుక్కు మీ దగ్గరున్నా లెక్క రాసింది బ్యాంకు. మీ డబ్బు బ్యాంకు మీకు పడ్డ బాకీ, అందుకే దాని పుస్తకంలో జమ వైపు ఉంటుంది. కార్డు బిల్లులో మామూలుగా కనబడే 4,200 అంటే మీరు ఇవ్వాల్సింది. 650 సీఆర్ అంటే, కొన్ని యాప్‌లలో −650 అంటే, మీరు ఎక్కువ కట్టడమో రిఫండ్ రావడమో జరిగి బ్యాంకే మీకు బాకీ ఉందని. వచ్చే నెల వెయ్యి ఖర్చుపెడితే −650 + 1000 = 350 కడితే సరి. మైనస్ చూసి కంగారుపడి ఇంకో 650 కట్టేవాళ్ళున్నారు. వాళ్ళ ఖాతా −1,300కి వెళ్తుంది.

నిల్వకి మించి తీసుకోనిచ్చే ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలో మాత్రం మైనస్ మీ వైపు బాకీయే. పరిమితి 50,000, నిల్వ −12,000 అని ఉంటే ఇంకా తీసుకోగలిగింది 38,000. మామూలు సేవింగ్స్ ఖాతా వాడకుండా వదిలేస్తే కనీస నిల్వ జరిమానాలతోనే మైనస్‌లోకి పోతుందని ఇంకొకరు భయపడుతూ రాశారు. కేవలం ఆ జరిమానా వల్ల నిల్వ మైనస్‌లోకి పోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2014 నవంబరులో ఆదేశించింది, 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అలా మైనస్ చూపిస్తే రాతపూర్వకంగా అడగండి.

ప్రశ్న: ఫ్రీజర్ −10 నుంచి −20కి దించితే రెట్టింపు చల్లనా?
(ఐస్‌క్రీమ్ పార్లర్ యజమాని, రాజమండ్రి)

పది డిగ్రీలు ఎక్కువ చల్లన, అంతే. సెంటీగ్రేడ్‌లో సున్నా నీళ్ళు గడ్డకట్టే చోట మనం పెట్టుకున్న గుర్తు, వేడి పూర్తిగా అయిపోయిన చోటు కాదు. అవే రెండు అంకెల్ని ఫారన్‌హీట్‌లోకి మార్చి చూడండి: −10 అంటే 14, −20 అంటే −4. గుర్తే మారిపోయింది, ఇక రెట్టింపు అన్న మాటకి అర్థమేముంది? నిజమైన అడుగు −273.15 దగ్గరుంది. అక్కడి నుంచి కొలిస్తే ఒకటి 263, రెండోది 253. తేడా నూటికి నాలుగు కూడా లేదు.

మన ఫ్రీజర్ల మీద కనిపించే −18 కూడా ఇలాంటిదే. ఫారన్‌హీట్‌లో అది దాదాపు సున్నా. అమెరికా ఫ్రీజర్ మీద 0 చూసి మనవాళ్ళు "ఇది సరిగ్గా గడ్డకట్టించట్లేదు" అనుకుంటారు. కరెంటు పోయి −18 కాస్తా −6 అయితే వేడి 12 డిగ్రీలు పెరిగినట్టు. "18 నుంచి 6కి తగ్గింది" అని కుర్రాళ్ళు రిజిస్టర్లో రాస్తే సరుకు పాడైపోతున్నా ఎవరికీ పట్టదు. రిజిస్టర్లో మైనస్ గుర్తు ముందే అచ్చు వేయించకండి. గుర్తు కూడా రాసేవాడి చేతే రాయించండి.

ప్రశ్న: డల్లాస్ టైమ్ −6 అని ఫోనులో ఉంది, మనది +5:30. తేడా అరగంటే రావాలి కదా?
(మనవరాలికి ఫోన్ చేసే ఒక తాతగారు, గుడివాడ)

ఇక్కడ సున్నా అంటే లండన్ దగ్గరి గ్రీన్‌విచ్ సమయం. 5:30లోంచి −6 తీసెయ్యాలి: 5:30 − (−6) = 11:30. ఒకరు సున్నాకి ఇటు, ఒకరు అటు ఉన్నప్పుడు రెండు దూరాలూ కూడుకోవాలి. అక్కడ రాత్రి ఎనిమిదైతే మీకు మర్నాడు ఉదయం ఏడున్నర. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్ళు గడియారం ముందుకు తిప్పుకుంటారు. అప్పుడు −5, తేడా 10:30.

అక్కడికి వెళ్తే ఇంకో మెలిక ఉంది. మన లిఫ్టులో −2 పార్కింగ్ నుంచి 5కి ఏడు అంతస్తులు, నడుమ గ్రౌండ్ సున్నాలా నిలబడుతుంది. వాళ్ళు నేల అంతస్తునే ఒకటి అంటారు, సున్నా లేదు. అదే −2 నుంచి 5కి ఆరే. చరిత్రలో కూడా క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1. అందుకే క్రీ.పూ. 5 నుంచి క్రీ.శ. 5కి పదేళ్ళు కాదు, తొమ్మిదే.

ప్రశ్న: మా జట్టు గెలిచింది, అయినా నెట్ రన్‌రేట్ మైనస్‌లోనే ఉంది. పట్టిక తప్పా?
(క్రికెట్ అభిమాని, వరంగల్)

పట్టిక సరైనదే. నెట్ రన్‌రేట్ అంటే మీరు ఓవర్‌కి చేసినవాటిలోంచి ఓవర్‌కి ఇచ్చినవి తీసెయ్యగా వచ్చేది, అదీ టోర్నీ మొత్తానికి కలిపి. ఒక ఉదాహరణ కడదాం. మొదటి మ్యాచ్‌లో మీరు 20 ఓవర్లలో 150 కొట్టారు, ఎదుటివాళ్ళు 17.3 ఓవర్లలో 151 కొట్టేశారు. 17.3 అంటే పదిహేడు ఓవర్ల మూడు బంతులు, లెక్కలో 17.5. 7.500 − 8.629 = −1.129. రెండో మ్యాచ్‌లో మీరు 20 ఓవర్లలో 180, వాళ్ళు 18.2 ఓవర్లలో 160కి ఆలౌట్. ఆలౌటైతే ఆడిన ఓవర్లు కాదు, పూర్తి 20 వెయ్యాలి. 9 − 8 = +1.000. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే: 18.2తో భాగించి తమ జట్టుకే అన్యాయం చేస్తారు.

ఇప్పుడు రెండూ కలిపితే: చేసినవి 40 ఓవర్లలో 330, అంటే 8.250. ఇచ్చినవి 37.5 ఓవర్లలో 311, అంటే 8.293. నెట్ −0.043. గెలిచారు, −1.129 నుంచి పైకొచ్చారు, సున్నా మాత్రం దాటలేదు. −1.129కీ +1.000కీ సగటు తీస్తే −0.064 వస్తుంది, అది తప్పు లెక్క. రెండు జట్ల పాయింట్లు సమానమైతే −0.043 వాళ్ళు −0.064 వాళ్ళ కన్నా పైన.

ప్రశ్న: నీట్‌లో తెలియని ప్రశ్నలకు గుడ్డిగా పెట్టమంటారా?
(విజయవాడ)

సరైనదానికి +4, తప్పుకి −1, వదిలేస్తే 0. నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగిలి, మూడు పోతాయి: 4 − 3 = +1. ప్రశ్నకి పావు మార్కు లాభం, అదీ సగటున. పదీ పన్నెండు ప్రశ్నల్లో అదృష్టం ఎటైనా పోవచ్చు. ఒక్క జవాబైనా కచ్చితంగా తప్పని కొట్టెయ్యగలిగితే, మూడు ప్రశ్నలకు 4 − 2 = +2. అప్పుడు పెట్టడమే నయం. యూపీఎస్సీ ప్రిలిమ్స్ జనరల్ స్టడీస్‌లో 2 మార్కుల ప్రశ్నకి మూడో వంతు కోత. అక్కడ గుడ్డి లెక్క సరిగ్గా సున్నా. ఈఏపీసెట్‌లో మైనస్ లేదు కాబట్టి ఖాళీ వదలడం దండగ.

మరిచిపోకూడనిది: నీట్‌లో ఒప్పుకీ తప్పుకీ మధ్య దూరం నాలుగు కాదు, ఐదు. ఆఖరి నిమిషంలో అనుమానంతో సరైన జవాబుని మార్చేస్తే పోయేది ఐదు మార్కులు.

ప్రశ్న: 2020లో ముడిచమురు ధర మైనస్ అయిందని చదివాను. వస్తువు ధర సున్నా కన్నా కిందికి ఎలా పోతుంది?
(విశాఖపట్నం)

పాత ఇల్లు పడగొట్టినప్పుడు రాళ్ళూ మట్టీ ఎత్తుకెళ్ళడానికి ట్రాక్టరువాడికి మనమే ఎదురు డబ్బిస్తాం. అది మైనస్ ధరే. అదే మట్టి పక్కవీధిలో ఎవరికైనా స్థలం మెరక చేసుకోవడానికి కావాలంటే డబ్బిచ్చి పట్టుకుపోతారు, ధర ప్లస్ అవుతుంది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు మే నెల కాంట్రాక్టు (ఆ నెలలో నూనె ఇస్తాం, తీసుకుంటాం అని ముందే చేసుకునే ఒప్పందం) పీపాకి −37.63 డాలర్ల దగ్గర ముగిసింది. గడువు ముగిసేలోగా కాంట్రాక్టు వదిలించుకోనివాళ్ళు ఓక్లహోమా రాష్ట్రంలోని కుషింగ్ దగ్గర నూనెని నిజంగా దించుకోవాలి. కరోనా వల్ల వాడకం పడిపోయి, అక్కడ ట్యాంకుల్లో చోటు దొరకడం గగనమైంది. చోటు లేనివాళ్ళు "డబ్బిస్తాం, మీరే పట్టుకుపోండి" అన్నారు. మన సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో కూడా ఆ కాంట్రాక్టు పీపాకి −2,884 రూపాయల దగ్గర పరిష్కారమైంది. ఎంత పడిపోయినా సున్నా దగ్గర ఆగుతుంది కదా అని కొన్నవాళ్ళు పెట్టినదంతా పోగొట్టుకోవడమే కాక పైన కట్టాల్సి వచ్చింది.

ప్రశ్న: కొల్లేరు వార్తల్లో "ప్లస్ 5 కాంటూరు" అంటారు. ప్లస్ దేనికి?
(ఏలూరు)

కాంటూరు అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. సముద్రమట్టం సున్నా, దాని మీద 5 అడుగులు. నీటి లోతు 5 అడుగులని చాలామంది అనుకుంటారు, అది కాదు. +5 గీత లోపల ఉన్నదంతా అభయారణ్యం కిందికి వస్తుంది. గీతను +3కి దించాలన్న డిమాండ్‌లో రెండడుగులే కనబడతాయి గానీ, కొల్లేరు పళ్ళెంలాంటి నేల. అలాంటి చోట రెండడుగుల ఎత్తు తగ్గితే గీత అడ్డంగా చాలా దూరం లోపలికి జరుగుతుంది.